పచ్చటి నీళ్లలో కెమెరా: ఏ లెన్స్, ఏ హౌసింగ్?

సింగపూర్ చుట్టూ ఉన్న సముద్రం నీలంగా ఉండదు. వానాకాలం ఊరి చెరువులా పచ్చగా ఉంటుంది. దక్షిణ తీరంలోని పులావ్ హంటు దగ్గర నీళ్లలోకి దిగితే మామూలు రోజున రెండు మూడు మీటర్లు, అదృష్టం బాగుంటే ఐదు మీటర్లు కనిపిస్తుంది. హంటు అంటే మలయ్ భాషలో దెయ్యం. ఎదురుగా బుకోమ్ దీవిలో చమురు శుద్ధి కర్మాగారం, పక్కనుంచి ఆగకుండా ఓడలు. ఏళ్ల తరబడి సముద్రాన్ని పూడ్చి నేల చేసుకున్న దేశం ఇది. ఆ మట్టి ఇంకా నీళ్లలో తేలుతూనే ఉంటుంది. అయినా ఈ దేశపు నీళ్లలో 250కి పైగా గట్టి పగడపు జాతులు ఉన్నాయి. సముద్రపు గుర్రాలు, చిటికెన వేలి గోరంత నుడిబ్రాంక్‌లు (గుల్ల లేని రంగురంగుల నత్తలు), రాతి సందుల్లో రొయ్యలు, పీతలు. చూడ్డానికి ఓపిక ఉండాలి, ఫొటో తీయడానికి సరైన లెన్స్ ఉండాలి.

నీళ్ల రంగు గురించి ముందే చెప్పడానికి కారణం ఉంది. నీటి అడుగున ఫొటోగ్రఫీ గురించి మనకు దొరికే సలహాల్లో ఎక్కువ భాగం మాల్దీవుల్లోనో, ఎర్ర సముద్రంలోనో ముప్పై మీటర్ల దూరం కనిపించే నీళ్లలో తీసేవాళ్లు చెప్పినవి. వాళ్లకు పనికొచ్చిన సరంజామా మన దగ్గర పనికిరాకపోవచ్చు. డబ్బు మాత్రం రెండు చోట్లా ఒకటే పోతుంది.

నేను జురాంగ్ ఈస్ట్‌లో ఉంటాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోడ్ రాస్తాను, నెలకో ఆదివారం బోటెక్కుతాను. ఈ మధ్య మన కుర్రాళ్లు చాలామంది డైవింగ్ నేర్చుకుంటున్నారు. సర్టిఫికెట్ చేతికొచ్చిన మూడో వారానికి కెమెరా సంగతి అడుగుతారు. మా ఆఫీసులో పనిచేసే గుంటూరు అబ్బాయి ఒకరోజు లంచ్‌లో ఎక్సెల్ షీట్ తెరిచి చూపించాడు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, అల్యూమినియం హౌసింగ్, తొమ్మిది అంగుళాల డోమ్, రెండు స్ట్రోబ్‌లు. ఊళ్లో అమ్మ కంటి ఆపరేషన్‌కి పక్కన పెట్టింది పోగా బోనస్‌లో మిగిలిన ప్రతి డాలరూ ఆ షీట్‌లో ఉంది.

“అన్నా, క్రాప్ సెన్సర్ కొని మళ్లీ రెండేళ్లకు మార్చుకునే బదులు ఒకేసారి పెద్దది తీసుకుంటే పీడా పోతుంది కదా?”

“నువ్వు తీసేది ఎక్కడ తమ్ముడూ?”

“హంటులో. సెలవు దొరికితే టియోమన్‌లో.”

అయితే ఆ షీట్‌లో సగం వరసలు కొట్టెయ్యొచ్చని చెప్పాను. ఎందుకో ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను. అతనికి చెప్పింది ఇంకొందరికి కూడా పనికి రావచ్చు.

క్రాప్ సెన్సర్ తక్కువ కులం కాదు

క్రాప్ సెన్సర్ అంటే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్. నికాన్, సోనీల్లో ఒకటిన్నర రెట్లు, కెనాన్‌లో 1.6 రెట్లు చిన్నది. నేల మీద పెళ్లి ఫొటోలు తీసేటప్పుడు పెద్ద సెన్సర్‌కు లాభం ఉంది. నీటి అడుగున లెక్క మారుతుంది. ఇక్కడ మనకు వెనకాల మసకబారిన బ్యాక్‌గ్రౌండ్ కాదు, ముందున్న జీవి తల నుంచి తోక దాకా స్పష్టంగా ఉండటం కావాలి. క్రాప్ సెన్సర్‌తో ఎఫ్/11 దగ్గర వచ్చే స్పష్టత లోతు ఫుల్ ఫ్రేమ్‌లో రావాలంటే ఎఫ్/16 దాకా మూయాలి. అంటే స్ట్రోబ్ రెట్టింపు వెలుగు పోయాలి. దానికి పెద్ద స్ట్రోబ్, పెద్ద బ్యాటరీ, పెద్ద డోమ్, పెద్ద పెట్టె. విమానంలో చేతి సామానుకు ఏడు కిలోలు ఇచ్చేచోట ఈ లెక్క ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. సంక్రాంతికి ఇంటికెళ్లేటప్పుడు పచ్చళ్ల బరువు చూసుకున్నట్టే ఇదీ.

ఇక నీటి సంగతి. గోదావరి రేవులో దిగేటప్పుడు కింద మెట్టు దగ్గరలోనే ఉందనుకుని కాలు పెడతాం, అది ఇంకా లోతుకు వెళ్తుంది. వెలుగు నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగడం వల్ల వచ్చే తికమక అది. హౌసింగ్ లోపల గాలి ఉంటుంది, బయట నీరు. మధ్యలో ఉన్న అద్దాన్ని పోర్ట్ అంటారు. అది బల్లపరుపుగా ఉంటే ఆ తికమకంతా ఫొటోలోకి వస్తుంది. వస్తువులు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి, దృశ్యం ఇరుకైపోతుంది. ఉదాహరణకు కెమెరాతోపాటు వచ్చే 16–50 మి.మీ. కిట్ లెన్స్ నేల మీద 16 దగ్గర మూల నుంచి మూలకు దాదాపు 83 డిగ్రీలు చూస్తుంది. బల్లపరుపు పోర్ట్ వెనక అదే లెన్స్ 60 డిగ్రీలే చూస్తుంది. అంచుల్లో రంగులు కూడా విడిపోతాయి.

ఈ ఇరుకుదనం మాక్రోకు నష్టం కాదు, వరం. నుడిబ్రాంక్‌ని మూడో వంతు పెద్దగా చూపిస్తానంటే ఎవరు వద్దంటారు? అందుకే మాక్రో లెన్స్‌కు బల్లపరుపు పోర్ట్, వైడ్ లెన్స్‌కు డోమ్ పోర్ట్ అనే నియమం పుట్టింది.

డోమ్ గురించి అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. గుండ్రటి డోమ్, దాని ముందున్న నీరు కలిసి మైనస్ అద్దంలా పనిచేస్తాయి. ఎంతో దూరంలో ఉన్న దృశ్యం కూడా డోమ్ ముందు దాని వ్యాసార్థానికి మూడు రెట్ల దూరంలోనే ఉన్నట్టు కెమెరాకు కనిపిస్తుంది. ఎనిమిది అంగుళాల అర్ధగోళం అయితే వ్యాసార్థం సుమారు 10 సెం.మీ., అంటే సముద్రమంతా డోమ్ ముందు 30 సెం.మీ. లోపలే ఇమిడిపోతుంది. నాలుగు అంగుళాల చిన్న డోమ్ అయితే 15 సెం.మీ. లోపలే. కాబట్టి మీ లెన్స్ అంత దగ్గరగా ఫోకస్ చేయగలదా లేదా అన్నదే అసలు ప్రశ్న. లెన్స్ ఖరీదు, పేరు తర్వాతి సంగతులు. నేల మీద అద్భుతంగా తీసే ఎన్నో వైడ్ జూమ్‌లు చిన్న డోమ్ వెనక మూలల్లో సబ్బు పూసినట్టు తీస్తాయి. వాటికి పెద్ద డోమే కావాలి.

మధ్యది వద్దు

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ పచ్చటి నీళ్లలో రెండే పనిచేస్తాయి: మాక్రో, ఫిష్‌ఐ. మధ్యలో ఉన్నవన్నీ డబ్బు దండగ.

కారణం దూరం. ఎంత కనిపిస్తోందో అందులో ఐదో వంతుకు మించి దూరం నుంచి నేను ఫొటో తీయను. మూడు మీటర్లు కనిపించే రోజున 60 సెం.మీ. అన్నమాట. అంతకు మించితే కెమెరాకు, చేపకు మధ్య ఉన్న మట్టిని ఫొటో తీస్తున్నట్టే. 60 సెం.మీ. నుంచి ఒక డైవర్‌ను పట్టాలంటే 60 డిగ్రీల చూపు చాలదు. దాదాపు 180 డిగ్రీలు చూసే ఫిష్‌ఐ కావాలి. లేదా డైవర్‌ను వదిలేసి, పది సెంటీమీటర్ల దూరం నుంచి రొయ్య కన్ను తీయాలి.

మాక్రోలో మొదటి లెన్స్‌గా నా ఓటు 60 మి.మీ.కే. నికాన్ 60, కెనాన్ ఈఎఫ్-ఎస్ 60 రెండూ అసలు పరిమాణంలో తీస్తాయి. నికాన్‌ది సెన్సర్ నుంచి 18.5 సెం.మీ. దాకా, కెనాన్‌ది 20 సెం.మీ. దాకా దగ్గరకు వస్తాయి. చాలామంది నేరుగా 105కో, 100కో వెళ్తారు. అవి చెడ్డవి కావు, బెదిరిపోయే గోబీ చేపలకు అవే కావాలి. కానీ క్రాప్ సెన్సర్ మీద 105 అంటే ఫుల్ ఫ్రేమ్‌లో 157తో సమానం. చూపు గొట్టంలా అయిపోతుంది, అలకి శరీరం కొంచెం ఊగితే చాలు నత్త ఫ్రేమ్‌లోంచి మాయం. దూరం పెరిగిన కొద్దీ మధ్యలో మట్టి కూడా పెరుగుతుంది. సోనీ వాళ్లకు ఈ విషయంలో కొంచెం కష్టమే. 30 మి.మీ. మాక్రో చవకే గానీ అసలు పరిమాణం రావాలంటే సెన్సర్ నుంచి 9.5 సెం.మీ.కు వెళ్లాలి, పోర్ట్ అద్దం జీవి ముక్కుకు తగులుతుంది, దాని మీద పోర్ట్ నీడ పడుతుంది. 90 మి.మీ. మాక్రో గొప్ప లెన్స్, ధర కూడా గొప్పే.

చవకైన దారి కూడా ఉంది, నేను దాన్ని తక్కువ చేయను. కిట్ లెన్స్‌ను బల్లపరుపు పోర్ట్ వెనక పెట్టి, పోర్ట్ బయట 67 మి.మీ. మరలో వెట్ లెన్స్ బిగించడం. క్లోజప్ వెట్ లెన్స్ పెడితే మాక్రో అవుతుంది, తీసేస్తే మామూలు చేప ఫొటో. నీటి అడుగునే మార్చుకోవచ్చు. హౌసింగ్ లోపలి లెన్స్‌కు ఆ సుఖం లేదు, బోటెక్కి ఆరబెట్టి తెరవాల్సిందే. మొదటి ఏడాదికి ఇది చాలు.

ఫిష్‌ఐలో క్రాప్ సెన్సర్ వాళ్లకు టోకినా 10–17 మి.మీ. పాత కాలం నుంచి ఉన్న ఆస్తి. 10 దగ్గర 180 డిగ్రీలు, సెన్సర్ నుంచి 14 సెం.మీ. దాకా ఫోకస్. పైన చెప్పిన డోమ్ లెక్క గుర్తుందా? ఆ 14 సెం.మీ. వల్లే ఇది నాలుగు అంగుళాల డోమ్ వెనక హాయిగా పనిచేస్తుంది. ఫిష్‌ఐ తిన్నటి గీతల్ని విల్లులా వంచుతుందని కొందరు భయపడతారు. సముద్రం అడుగున తిన్నటి గీతలు ఎక్కడున్నాయి చెప్పండి? బాలీలో తులంబెన్ దగ్గర మునిగిన లిబర్టీ ఓడ దగ్గర కూడా నాకు ఆ ఇబ్బంది కనపడలేదు. 1942లో జపాన్ సబ్‌మెరైన్ టార్పెడోకు దెబ్బతిని ఒడ్డుకు చేరి, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు మళ్లీ నీళ్లలోకి జారిన ఓడ అది. అరవై ఏళ్లుగా పగడాలు పట్టి, దానికే తిన్నటి అంచు అంటూ పెద్దగా మిగల్లేదు.

సింగపూర్‌లో ఫిష్‌ఐ ఎందుకంటారా? నెప్ట్యూన్స్ కప్ అనే స్పాంజి కోసం. కాడ మీద నిలబెట్టిన పెద్ద గిన్నెలా ఉంటుంది, మీటరు దాకా పెరుగుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని మొదట వర్ణించింది సింగపూర్ నుంచి దొరికిన నమూనాలతోనే, 1820ల నాటి సంగతి. సేకరించేవాళ్ల ధాటికి కనపడకుండా పోయి, వందేళ్లకు పైగా అంతరించిందనే అనుకున్నారు. 2011లో సెయింట్ జాన్స్ దీవి దగ్గర డైవ్ చేస్తున్న జీవశాస్త్రవేత్తలకు మళ్లీ కనిపించింది. అంతటి దాన్ని ఈ నీళ్లలో 60 మి.మీ.తో తీస్తే గోడ ముక్క ఫొటో వస్తుంది.

టియోమన్ వేరు. శుక్రవారం రాత్రి బస్సులో జొహోర్ దాటి మెర్సింగ్‌లో ఫెర్రీ ఎక్కితే, మార్చి నుంచి అక్టోబర్ దాకా నీళ్లు చాలా మెరుగ్గా ఉంటాయి. నవంబర్ వచ్చిందంటే ఈశాన్య రుతుపవనాలు, ఆ తీరం దాదాపు మూసుకుపోతుంది. సెలవుల్లో ఇండియా వెళ్లేవాళ్లు కూడా ఇదే చూసుకోవాలి. అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ దగ్గర ఫిష్‌ఐ చేతిలో ఉండాలి. మన వైజాగ్ రుషికొండ దగ్గర దిగితే నేనైతే మాక్రోతోనే దిగుతాను.

పెట్టె సంగతి

హౌసింగ్ విషయంలో అందరూ లోతు అడుగుతారు. సరదా డైవింగ్ హద్దే 40 మీటర్లు, హంటులో మనం తిరిగేది అందులో సగం కూడా ఉండదు. సీఫ్రాగ్స్ లాంటి చైనా పాలీకార్బొనేట్ పెట్టెలు 40 మీటర్లకు, అమెరికాలో ఐకెలైట్ వాళ్లవి 60 మీటర్లకు, హాంగ్‌కాంగ్ నాటికామ్ అల్యూమినియంవి 100 మీటర్లకు చేస్తారు. మొదటి రకం కొన్ని వందల సింగపూర్ డాలర్లలో వస్తుంది, చివరిది వేలల్లో. ఆ తేడా లోతుకు కాదు, బటన్లకు ఇస్తున్నాం. అల్యూమినియం పెట్టెలో వేలు కదిపితే ఐఎస్ఓ మారుతుంది. చవక పెట్టెలో ఆ బటన్ ఎక్కడుందో వెతికేలోపు కటిల్‌ఫిష్ రంగు మార్చి వెళ్లిపోతుంది. లోహం వేడిని త్వరగా వదిలేస్తుంది కాబట్టి కెమెరా వేడికి లోపల ఆవిరి పట్టే బాధ కూడా తక్కువ.

వీటన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది, హౌసింగ్ ఒకే మోడల్‌కు కుట్టిన చొక్కా. సోనీ ఏ6400 పెట్టెలో ఏ6700 పట్టదు. అందుకే కెమెరా కొని తర్వాత పెట్టె వెతకొద్దు. ఏ కెమెరాకు మంచి పెట్టె, దానికి కావాల్సిన పోర్ట్‌లు దొరుకుతున్నాయో చూసి ఆ కెమెరా కొనండి. కెమెరా పాతబడితే పెట్టె విలువ కూడా పడిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది నష్టం కాదు, అవకాశం. నికాన్ డీ7200, డీ500 లాంటి పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు హౌసింగ్‌తో సహా సగం ధర కన్నా తక్కువకు వదిలించుకునేవాళ్లు సింగపూర్‌లో ఎప్పుడూ ఉంటారు. నత్తకు అది ఏ సంవత్సరం మోడలో తెలియదు.

ఇంకో చిన్న విషయం తర్వాత పెద్దదై కూర్చుంటుంది. స్ట్రోబ్‌లను ఫైబర్ ఆప్టిక్ తీగతో వెలిగించాలంటే కెమెరాకు సొంత ఫ్లాష్ ఉండాలి. డీ7200, ఏ6400లకు ఉంది. డీ500, ఏ6600, ఏ6700లకు లేదు. వాటికి లోపల ట్రిగ్గర్ పెట్టాలి, లేదా విద్యుత్ తీగ వాడాలి. రెండూ అదనపు ఖర్చే.

స్ట్రోబ్ లేకుండా కుదరదా అని అడుగుతారు. ఎరుపు రంగును నీరు మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది. పది మీటర్ల కింద ఎర్ర పట్టుచీర కూడా బూడిద రంగే. కాబట్టి కొనాలి, డబ్బు తక్కువైతే లెన్స్ ఒకటి తగ్గించి అయినా కొనాలి. దాన్ని పెట్టే తీరు ముఖ్యం. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున హైవే మీద పొగమంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేస్తుంది కదా, లెన్స్ పక్కనే స్ట్రోబ్ పెడితే అదే జరుగుతుంది. నీళ్లలోని ప్రతి మట్టి రేణువూ మెరిసి ఫొటో మీద ముగ్గుపిండి చల్లినట్టు వస్తుంది. చేతులు పక్కకు చాపి, స్ట్రోబ్‌లను కాస్త బయటికి తిప్పి, వెలుగు అంచు మాత్రమే జీవిని తాకేలా పెట్టాలి.

నీరు కారడం గురించి. హౌసింగ్ లోతులో పగులుతుందని భయపడతారు గానీ, లోతుకు వెళ్లిన కొద్దీ పీడనం ఓ-రింగ్‌ను ఇంకా గట్టిగా నొక్కుతుంది. నీరు దూరేది ఎక్కువగా బోటు అంచు నుంచి దూకేటప్పుడు, పైన నీళ్లలో తేలేటప్పుడు. నాతో డైవ్ చేసే ఒక మిత్రుడి కెమెరా పోయింది ఒక్క పిల్లి వెంట్రుక వల్ల. అది ఓ-రింగ్ మీద అడ్డంగా పడి ఉంది. వాక్యూమ్ పంప్ ఉన్న హౌసింగ్ అయితే లోపలి గాలి లాగేసి అరగంట వదిలేస్తే, పచ్చ దీపం వెలుగుతూనే ఉందంటే నిశ్చింతగా దిగొచ్చు. నా దృష్టిలో రెండో లెన్స్ కన్నా ముందు కొనాల్సింది ఇదే. డైవ్ అయ్యాక మంచినీళ్లలో నానబెట్టి, బటన్లన్నీ నొక్కాలి, ఉప్పు గడ్డకట్టకుండా. మా ఇంట్లో దానికి బియ్యం డబ్బా అంత బకెట్ ఉంది. “ఏవండీ, ఆ బకెట్ బాత్రూంలోంచి ఎప్పుడు తీస్తారు?” అనేది మా ఆదివారం రాత్రి సంభాషణ.

పిల్లలు డైవింగ్ నేర్చుకుంటున్న ఇళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ నీళ్లలో కెమెరా పట్టుకున్నవాడు తలెత్తి చూసేసరికి తోడు డైవర్ కనిపించకపోవడానికి ఒక్క నిమిషం చాలు. రెండు మీటర్ల చూపు, పక్కకు లాగే ప్రవాహం. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాడికి ట్యాంకులో గాలి ఎంత మిగిలిందో గుర్తుండదు. నీళ్లలో కదలకుండా తేలడం రాని వాళ్లు ఫొటో కోసం పగడం మీద చేయి పెడతారు, కాళ్లతో మట్టి లేపుతారు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. నలభై డైవ్‌లు పూర్తయ్యే దాకా కెమెరా ఇవ్వనన్నాను. ఇరవై ఆరు అయ్యాయి. రోజూ గొడవే. నేను మాత్రం మెత్తబడటం లేదు.

గుంటూరు అబ్బాయి చివరికి పాత డీ7200, దాని అల్యూమినియం పెట్టె, 60 మి.మీ. లెన్స్, ఒక పోర్ట్, ఒక స్ట్రోబ్ కొన్నాడు. షీట్‌లో అనుకున్నదాంట్లో మూడో వంతు కూడా కాలేదు. మిగిలిన డబ్బుతో అమ్మానాన్నల్ని నెల రోజులు ఇక్కడికి పిలిపించుకుంటున్నాడు. ఫిష్‌ఐ వచ్చే ఏడాది చూస్తానన్నాడు, తొందరేం లేదు.

నేను ఫిష్‌ఐ ఇప్పుడు వాడేది ఎక్కువగా ఒకే పనికి. 2024లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు తెల్లబడ్డాయి. 1998, 2010, 2016లలో జరిగినట్టే. ఆ ఏడాది డిసెంబర్‌లో నేషనల్ పార్క్స్ బోర్డ్ పదేళ్లలో లక్ష పగడాలు నాటే పని మొదలుపెట్టింది. హంటు పడమటి వైపు ఆరు మీటర్ల లోతులో బల్లంత పగడం ఒకటుంది. ఆ వేసవిలో దాదాపు మొత్తం తెల్లగా అయిపోయింది. అప్పటి నుంచి మూడు నెలలకోసారి దాన్ని తీస్తున్నాను. లెన్స్ మారితే, దూరం మారితే పాత ఫొటోతో పోల్చడానికి వీలుండదు. అందుకే అన్నీ కాగితం మీద రాసి హౌసింగ్ మూతకు లోపల అంటించాను: 10 మి.మీ., ఎఫ్/8, మోచేతి దూరం, ఒడ్డు వైపు నుంచి. పోయినసారి తీసినదాంట్లో కుడి అంచు గోధుమ రంగులోకి తిరిగి వచ్చింది. ఎడమ వైపు నాచు పట్టింది. మళ్లీ అక్టోబర్‌లో వెళ్లాలి.